ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి: పాత్రధారణ క్రీడానిర్వహణకు ఒక విమర్శ ప్రమాణం

సారాంశం

కొందరు ఆటగాళ్ళు తలొక పాత్రను స్వీకరించి, నిర్వాహకుడు కల్పించే సన్నివేశాలకు ఆ పాత్రల పక్షాన స్పందిస్తూ ఉమ్మడిగా కథను నడిపే ఆటను ఈ వ్యాసంలో పాత్రధారణ క్రీడ అని వ్యవహరిస్తున్నాను. ముఖాముఖిగా కాక, వంతులవారీగా రాతలో సాగే ఆట ఇక్కడ ప్రధాన విషయం. ఇందులో నిర్వాహకుని పనిని సాహిత్య వ్యాపారంగా పరిగణించవచ్చునా, పరిగణిస్తే దాని గుణదోషాలను ఎలా నిర్ణయించాలి అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు. శాబ్దబోధకు శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులను ఇందుకు ప్రమాణాలుగా ప్రతిపాదించి, భామాకలాపం, అవధానం, ఆంధ్రమహాభారత రచనాక్రమాలతో పోల్చి, మాకవరపాలెంలో నిర్వహించిన ఒక ఆటపై వాటిని పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పాత్రధారణ క్రీడ, నిర్వాహకుడు, సూత్రధారి, పృచ్ఛకుడు, అవధానం, మిశ్రేతివృత్తం.

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య విమర్శ కవిని, కావ్యాన్ని, సహృదయుణ్ణి విస్తృతంగా చర్చించింది. కవి ముగించిన పాఠం పాఠకుని చేతికి వచ్చిన తరువాతనే విమర్శకుని పని మొదలవుతుందన్న భావన ఈ చర్చలో చాలావరకు అంతర్లీనంగా ఉంది. పాఠం ఇంకా తయారవుతూ ఉన్నప్పుడు, దాన్ని తయారు చేసేవారే దానికి శ్రోతలు కూడా అయినప్పుడు, వారి మధ్య ఉండి ఆ పనిని నడిపే వ్యక్తిని ఏమనాలి? అతడు కవి కాడు, ఎందుకంటే ముఖ్యపాత్రల మాటలూ చేతలూ అతని అధీనంలో లేవు. పాఠకుడూ కాడు, ఎందుకంటే అతడు మాట్లాడకపోతే కథ కదలదు.

ఈ రకమైన ఆటపై ఆంగ్లంలో గణనీయమైన పరిశోధన జరిగింది. గ్యారీ అలన్ ఫైన్ 1983లో దీన్ని సామాజికశాస్త్ర దృష్టితో పరిశీలించాడు. డేనియల్ మెకే 2001లో దీన్ని ఒక ప్రదర్శన కళగా వివరించాడు. ఆ పరిభాషను యథాతథంగా తెచ్చుకోవడానికి ముందు, మన శాస్త్ర, ప్రదర్శన సంప్రదాయాలలో ఇందుకు పనికివచ్చే సామగ్రి ఉన్నదేమో చూడడం తెలుగు పరిశోధకుని బాధ్యత.

2. క్రీడాస్వరూపం

పాత్రధారణ క్రీడకు మూలం యుద్ధక్రీడలో ఉంది. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకై రైస్విట్స్ రూపొందించిన యుద్ధక్రీడ నియమావళి 1824లో వెలువడింది. ఇరుపక్షాలవారు తమ ఆజ్ఞలను మధ్యవర్తికి రాసి ఇస్తే, అతడు నియమాలను, పాచికలను అనుసరించి ఫలితాన్ని ప్రకటించేవాడు. 1876లో వెర్డీ దు వెర్న్వా ఈ నియమభారాన్ని తగ్గించి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేచనకే నిర్ణయాన్ని వదలాలని వాదించాడు. ఫలితాన్ని నియమం చెప్పాలా, మనిషి చెప్పాలా అన్న చర్చ ఈ ఆటకు పుట్టుకతో వచ్చినదే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ సైన్యాల స్థానంలో వ్యక్తులను నిలిపింది. ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రకు బాధ్యుడు. నిర్వాహకుడు స్థలాన్ని వర్ణిస్తాడు, తక్కిన పాత్రలన్నింటినీ తానే ధరిస్తాడు, చివర “ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడుగుతాడు. సమాధానం వచ్చాక దాని పర్యవసానాన్ని చెప్పి మళ్ళీ అడుగుతాడు. ఆట మొత్తం ఈ ఆవృత్తిలోనే ఉంది.

దూరంగా ఉన్నవారు రాతలో వంతులు పంపుకుంటూ ఆడడం కూడా కొత్త కాదు. 1959లో వచ్చిన ‘డిప్లమసీ’ అనే బల్లమీది ఆటను 1963 నుంచి తపాలా ద్వారా ఆడారు. రాతలో ఆడినప్పుడు నిర్వాహకునికి ఆటగాళ్ళ ముఖాలు కనిపించవు, గొంతు వినిపించదు. వంతుకూ వంతుకూ మధ్య గంటలు, ఒక్కొక్కసారి రోజులు గడుస్తాయి. ముఖాముఖి ఆటలో కనుసైగతో జరిగే పని ఇక్కడ వాక్యంతో జరగాలి. అందువల్లనే ఈ ఆట సాహిత్య విమర్శ పరిధిలోకి మరింత స్పష్టంగా వస్తుంది.

3. మన సంప్రదాయంలో ప్రశ్నించేవారు

కూచిపూడి భామాకలాపంలో సూత్రధారి కథను ప్రస్తావించి తెరచాటుకు పోడు. అతడే మాధవి అయి సత్యభామ పక్కన నిలుస్తాడు. ఆమె ఎవరో, ఎవరి కుమార్తెయో, ఆమె నాథుడెవరో అడుగుతాడు. భర్త పేరు పలకరాదన్న ఆచారం వల్ల సత్యభామ నేరుగా చెప్పలేదు. చెప్పలేని ఆ స్థితిలోంచే సంకేతాలు, సిగ్గు, అతిశయం, అభినయం పుడతాయి. సూత్రధారికీ ప్రేక్షకులకూ సమాధానం ముందే తెలుసు. అయినా ప్రశ్న అనవసరం కాదు. ఉత్తరాంధ్రలోని తూర్పు భాగవతంలోనూ భామాకలాపమే ప్రధానమైన ఇతివృత్తం కావడం వల్ల ఈ సంభాషణారీతి ఈ ప్రాంత ప్రేక్షకులకు సుపరిచితం. ఒకే వ్యక్తి కథను నడపడం, ఇతర పాత్రలను ధరించడం, ప్రధాన పాత్రధారిని ప్రశ్నించడం అనే మూడు పనులనూ చేయడంలో సూత్రధారి ఈ క్రీడానిర్వాహకునికి చాలా దగ్గరివాడు.

అవధానంలో సంబంధం తలకిందులవుతుంది. ఇక్కడ ప్రశ్నించేవారు అనేకులు, సమాధానం చెప్పేవాడు ఒక్కడు. నిషిద్ధాక్షరిని తీసుకుందాం. అవధాని ఏ అక్షరం వైపు వెళ్తున్నాడో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు, అవధాని మరొక దారి వెతుకుతాడు. సమర్థుడైన పృచ్ఛకుడు కవి అంత ఛందోజ్ఞానం, భాషాజ్ఞానం కలవాడై ఉండాలి. సులభమైన దారిని మూయడం అతని విద్య. ఉన్న దారులన్నీ మూసివేస్తే అది విద్య కాదు, పద్యం ఆగిపోతుంది. అవధాన సాహిత్యంపై మన పరిశీలన చాలావరకు అవధాని ప్రతిభ మీదనే నిలిచింది. తిరుపతి వేంకట కవుల అవధానాలను గురించి మాట్లాడేటప్పుడు వారి పద్యాలను తలచుకున్నంతగా పృచ్ఛకుల ప్రశ్నలను తలచుకోము. పృచ్ఛకుని కళను విడిగా విచారిస్తే క్రీడానిర్వాహకుని కళకు ఒక దారి దొరుకుతుంది.

మూడవ సాదృశ్యం ఆంధ్రమహాభారతం. పదకొండవ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో నిలిపిన కథను తిక్కన పదమూడవ శతాబ్దిలో విరాటపర్వం నుంచి చేపట్టాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించి, దాన్ని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. నన్నయ శైలితో మొదలై క్రమంగా తిక్కన శైలిని సమీపించడం ఎఱ్ఱన ప్రత్యేకత అని విమర్శకులు గుర్తించారు. వెనుక ఉన్న వాక్యానికీ ముందు రానున్న వాక్యానికీ జవాబుదారీగా రాయడమే ఆయన స్వీకరించిన నియమం. ఇతరుల వంతుల మధ్య రాసే ప్రతివారికీ ఈ నియమం వర్తిస్తుంది.

4. మూడు ప్రమాణాలు

పదసముదాయం వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని శాస్త్రకారులు చెప్పారు. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన విద్యార్థులకు ఇవి తెలిసినవే. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. అర్థాల మధ్య బాధ లేకపోవడం యోగ్యత. నిప్పుతో తడపడం అంటే యోగ్యత లోపించినట్లు. పదాలను విలంబం లేకుండా పలకడం సన్నిధి. జాముకొక పదం పలికితే వాక్యార్థం బోధపడదు.

ఇవి వాక్యానికి చెప్పిన నియమాలు. అయితే పాత్రధారణ క్రీడలో అనేకులు కలిసి రూపొందించేది కూడా ఒక మహావాక్యమే, వంతులు దానికి పదాల వంటివి. ఈ ఉపమానాన్ని అంగీకరిస్తే మూడు నియమాలూ నిర్వహణకు ఈ విధంగా అన్వయిస్తాయి.

నిర్వాహకుని వంతు మరొక వంతును కోరాలి. అన్నీ తానే చెప్పి ముగించిన వర్ణన ఎంత అందంగా ఉన్నా ఆకాంక్షారహితం. అలాగే ఎటు పోవాలో సూచన లేకుండా ఏమైనా చేయవచ్చునని వదిలివేయడం కూడా ఆకాంక్ష కాదు, అది శూన్యం. ఆటగాడు ప్రతిపాదించిన చర్య ఆ పాత్రకు, ఆ కాలానికి, ఆ స్థలానికి పొసగాలి. అది యోగ్యత. పొసగుతుందో లేదో నిర్ణయించలేనప్పుడు పాచికలు అవసరమవుతాయి. ఏ ఫలితం వచ్చినా కథకు కొత్త ఆకాంక్ష పుట్టే చోటనే పాచిక వేయించడం మంచి నిర్వాహకుని లక్షణం. ఇక దూరమైన వంతులను ఒకే అర్థంలోకి తేవడం సన్నిధి. అవధానంలో పద్యపాదాలు ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కటిగా, అన్య ప్రశ్నల మధ్య చెల్లాచెదురవుతాయి. చెదిరిన సన్నిధిని అవధాని చివర ధారణతో పునఃస్థాపిస్తాడు. రాతలో సాగే ఆటలో వెనుకటి వంతులన్నీ కంటిముందే ఉంటాయి కనుక ధారణ అవసరం లేదని అనిపించవచ్చు. ఆ అభిప్రాయం సరికాదని కింది పరిశీలన చూపుతుంది.

5. మాకవరపాలెం ఆట: పరిశీలన

అనకాపల్లి జిల్లా మాకవరపాలెంలో ఈ వ్యాసకర్త నిర్వాహకుడుగా, నలుగురు మిత్రులు ఆటగాళ్ళుగా సుమారు మూడు నెలలపాటు తెలుగులో, పూర్తిగా రాతలో ఒక ఆట సాగింది. ఆ పాఠాన్ని వారి అనుమతితో ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇతివృత్తం మన్యం తిరుగుబాటు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసింది. ఆ వార్త నర్సీపట్నం పరిసరాల్లోని ఒక మైదాన గ్రామానికి చేరినప్పుడు అక్కడి మునసబు, తలయారి, చెరకు రైతు, టపా మోసే మనిషి ఏం చేసి ఉంటారన్నది ఆటకు ప్రాతిపదిక. సీతారామరాజు ఈ ఆటలో పాత్ర కాడు. చరిత్రకు ఎక్కిన ఘటనలను మార్చరాదని, చరిత్రకు ఎక్కని మనుషుల నిర్ణయాలలో మాత్రమే ఆట సాగాలని ముందే నియమం పెట్టుకున్నాం. ఆలంకారికుల పరిభాషలో ఇది మిశ్రేతివృత్తం. 1924 మే 7న ఈ పోరాటం ఎలా ముగిసిందో ఆటగాళ్ళందరికీ తెలుసు. సత్యభామ నాథుడెవరో తెలిసినట్లే ఇదీ తెలుసు.

5.1 ఆకాంక్షాభంగం

మన్యం నుంచి వచ్చిన ఒక ఉత్తరం మునసబు చేతికి చేరింది. అతడు దాన్ని పోలీసులకు అప్పగించాలా, దాచాలా అన్నది ఆ ఘట్టంలోని సంకటం. నిర్వాహకుడుగా నేను మొదట రాసిన వంతు ఇది:

“తెల్లవారుజామున పోలీసులు వచ్చి ఇల్లంతా సోదా చేశారు. ఉత్తరం దొరికింది. మునసబు భయంతో వణికిపోయాడు. ఇప్పుడు మీరేం చేస్తారు?”

చివర ప్రశ్న ఉన్నా ఇందులో ఆకాంక్ష లేదు. నిర్ణయించవలసిన విషయాన్ని నిర్వాహకుడే నిర్ణయించాడు. అంతేకాదు, తన అధీనంలో లేని పాత్ర భయాన్ని కూడా తానే ప్రకటించాడు. మునసబు పాత్రధారి నుంచి నాలుగు రోజులు సమాధానం రాలేదు. తరువాత అడిగితే, చేయడానికి ఏమీ మిగల్లేదని, తన మనిషి వణకడని అన్నారు. రెండు ఆక్షేపణలూ న్యాయమైనవి. ఆ వంతును ఉపసంహరించి మళ్ళీ రాశాను:

“వాకిట్లో బూట్ల చప్పుడు. అడ్డాకులో చుట్టిన ఉత్తరం ఇంకా మీ తలపాగా మడతలోనే ఉంది. పెరట్లో గానుగ దగ్గర పాకం ముదురుతోంది. గరిటె తిప్పే మనిషి మీవైపే చూస్తున్నాడు.”

ఇందులో ప్రశ్నార్థకం లేదు. అయితే ప్రతి వాక్యమూ సమాధానాన్ని కోరుతోంది. చప్పుడు కాలాన్ని కుదించింది, తలపాగా ప్రమాదాన్ని చూపింది, గరిటె తిప్పే మనిషి ఒక సాక్షినో సహాయకుణ్ణో ఇచ్చాడు. మునసబు పాత్రధారి ఆ రాత్రే రాసిన సమాధానంలో ఉత్తరం బెల్లం అచ్చు అడుగుకు చేరింది, దాని మీద పాకం పోశారు. నిర్వాహకుడు ఊహించని సమాధానం అది. దానికి తావు ఇవ్వడం వరకే నిర్వాహకుని వంతు.

5.2 యోగ్యత: తిథి, పాకం, భాష

ఈ సమాధానం చదవగానే చెరకు రైతు పాత్రధారి ఒకే వాక్యం రాశారు: “శ్రావణంలో గానుగేటండీ?” దాడులు మొదలైనది శ్రావణమాసం చివర. చెరకు ఆడి బెల్లం వండేది చలికాలంలో. చెరకు పండించే కుటుంబం నుంచి వచ్చిన ఆ మిత్రులకు ఇది పుస్తక జ్ఞానం కాదు. మాకవరపాలెం చుట్టూ చెరకు, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు ఉండగా నిర్వాహకునికే ఈ యోగ్యతాలోపం తట్టకపోవడం గమనార్హం. ఘట్టాన్ని తిరుగుబాటు ఇంకా కొనసాగుతున్న 1923 జనవరికి, సంక్రాంతి ముందుకు జరిపాం. యోగ్యతను కాపాడే అధికారం నిర్వాహకునికి మాత్రమే చెందదని, స్థలజ్ఞానం ఉన్న ప్రతి ఆటగాడూ అందులో భాగస్వామి అని దీనివల్ల తేలింది. ఒంటరిగా రాసే చారిత్రక నవలాకారునికి ఈ సౌకర్యం రచనా సమయంలో లభించదు.

వేడి పాకంలో కాగితం నిలుస్తుందా అన్నది రెండవ సందేహం. అడ్డాకు చుట్టి ఉంది కనుక నిలవవచ్చు, అక్షరాలు చెదరవచ్చు. ఇక్కడ పాచిక వేయించాను. ఉత్తరం సగమే చదవడానికి వీలుగా మిగిలిందని ఫలితం. మిగిలిన సగంలో ఊరి పేరు ఉంది, తేదీ లేదు. తేదీ ఏమై ఉంటుందన్న అన్వేషణతోనే తరువాతి మూడు వారాల ఆట సాగింది. యాదృచ్ఛికత ఇక్కడ కథను చెడగొట్టలేదు, తరువాతి వంతుకు ఆకాంక్షను సమకూర్చింది.

మూడవది భాషాయోగ్యత. మొదటి వారంలో నా వంతులు పత్రికల కథనభాషలో ఉన్నాయి. ఆటగాళ్ళ సమాధానాలూ అదే బిగువుతో వచ్చాయి. తలయారి సైతం ‘అవశ్యం తెలియజేయగలను’ అన్నాడు. సంభాషణలను ఈ ప్రాంతపు మాటలో రాయడం మొదలుపెట్టిన తరువాతనే పాత్రల గొంతులు వేరుపడ్డాయి. నిర్వాహకుని శైలి ఆట మొత్తానికి శ్రుతి అవుతుందన్నది ఈ పాఠంలో స్పష్టంగా కనిపిస్తుంది.

5.3 సన్నిధి

రెండవ నెలలో వంతుల మధ్య వ్యవధి పెరిగింది. వెనుకటి రాత అంతా అందుబాటులో ఉన్నా ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఏం తెలుసో ఆటగాళ్ళు మరిచిపోసాగారు. టపా మోసే మనిషికి తెలియని రహస్యాన్ని అతని పాత్రధారి తెలిసినట్లు రాశారు. పాఠం ఎదుట ఉండడం, మనసులో ఉండడం ఒకటి కావని దీనివల్ల అర్థమవుతుంది. అప్పటి నుంచి ప్రతి వంతు మొదట, గత వంతులలో ఆ ఆటగానికి అవసరమైన ఒకటి రెండు వివరాలను కథలో భాగంగానే తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నాను. “బెల్లం దిమ్మ ఇంకా మునసబు గారి అటక మీదే ఉంది” అన్న వాక్యం వర్ణనగా కనిపించినా దాని పని ధారణ. ఏది తిరిగి చెప్పాలి, ఏది వదలాలి అన్న ఎంపికలో నిర్వాహకుని వివేకం తెలుస్తుంది. తిరిగి చెప్పనిది క్రమంగా కథ నుంచి జారిపోతుంది. ఈ ఆటలో చెరకు రైతు కుమార్తె ప్రస్తావన అలాగే జారిపోయింది. ఇది నా నిర్వహణలోని లోపమే.

6. అభ్యంతరాలు

ఈ పాఠాన్ని సాహిత్యమనవచ్చునా అన్నది సహజమైన ప్రశ్న. ఇందులో ఛందస్సు లేదు, సభ లేదు, ఏకకర్తృత్వం లేదు. వంతులలో చాలా భాగం సాధారణమైన రాత, కొన్ని నీరసమైనవి కూడా. అవధానానికి ఏళ్ళ తరబడి వ్యుత్పత్తి అవసరం. ఈ ఆటకు వాక్యం రాయగలగడం చాలు. అందువల్ల రెండింటినీ ఒకే స్థాయిలో నిలపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పోలిక ఫలితాల మధ్య కాదు, ప్రశ్నించే విధానాల మధ్య.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. సమస్యాపూరణాన్ని సైతం చమత్కార వినోదమని తక్కువగా చూసినవారు ఉన్నారు. ముద్రిత అవధాన సంపుటాలలో కొన్ని పద్యాలు పేలవంగా తోచడానికి ఒక కారణం, అవి పుట్టిన ఒత్తిడి పుటలో కనిపించకపోవడం. నిషిద్ధాక్షరి పద్యాన్ని నిషేధాలు లేకుండా అచ్చువేస్తే సామాన్యమైన పద్యమే మిగులుతుంది. అలాగే మునసబు ఉత్తరాన్ని బెల్లంలో దాచాడని కథగా చెబితే అది ఒక చమత్కారం మాత్రమే. ఉపసంహరించిన వంతు, నాలుగు రోజుల మౌనం, మళ్ళీ రాసిన వంతు, శ్రావణమాసపు ఆక్షేపణ, పాచిక ఫలితం కలిపి చూసినప్పుడే ఆ చర్య విలువ తెలుస్తుంది.

చారిత్రక బాధ్యత మరొక అభ్యంతరం. ప్రజలు ప్రాణాలర్పించిన పోరాటాన్ని ఆటగా మార్చవచ్చునా? మన ప్రదర్శన సంప్రదాయంలో ఆట అన్న మాటకు తేలికదనం తప్పనిసరి అర్థం కాదు. వీధిలో రాత్రంతా ఆడే భాగవతం కూడా ఆటే. అయినప్పటికీ నాయకుని నోట కల్పిత వాక్యాలు పెట్టకపోవడం, ఘటనల ఫలితాలను మార్చకపోవడం అవసరమైన హద్దులని భావిస్తున్నాను. ఈ హద్దుల్లో ఆడినప్పుడు ఆటగాళ్ళ దృష్టి వీరుని మీద నుంచి, భయపడి సాయం చేసిన, లేదా భయపడి సాయం చేయని సామాన్యుల మీదికి మళ్ళింది. చివరకు తలయారి పాత్రధారి ఉత్తరం సంగతి ఠాణాలో చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయాన్ని తక్కిన ముగ్గురూ తప్పుపట్టలేదు. అతని పిల్లలను, అతని జీతాన్ని, అతని భయాన్ని మూడు నెలలుగా వారు చదువుతూ ఉన్నారు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. పాత్రధారణ క్రీడలో నిర్వాహకుని సాహిత్య వ్యాపారం కథ చెప్పడంలో కంటే, ఇతరులు చెప్పడానికి తగిన తావును వాక్యంలో నిలపడంలో ఎక్కువగా ఉంది. ఆ పనిని ఆకాంక్ష, యోగ్యత, సన్నిధులతో నిర్దిష్టంగా విశ్లేషించవచ్చు. సూత్రధారి, పృచ్ఛకుడు, పూరణ చేసిన కవి మన సంప్రదాయంలో ఇందుకు పూర్వరూపాలు. వారిని ఈ దృష్టితో తిరిగి చదవడం అవధాన, కలాప అధ్యయనాలకూ మేలు చేస్తుంది.

ఆచరణలో ఒక సూచన. అవధాన సభలనైనా, ఇటువంటి ఉమ్మడి రచనలనైనా భద్రపరచేటప్పుడు ప్రశ్నలను, వాటి క్రమాన్ని, వంతుల మధ్య కాలవ్యవధిని, ఉపసంహరించిన పాఠాలను కూడా భద్రపరచాలి. సమాధానాలను మాత్రమే గ్రంథస్థం చేస్తే తరువాతి పరిశోధకునికి సగం వాక్యమే అందుతుంది. మాకవరపాలెం ఆటలో వెనక్కి తీసుకున్న వంతును చెరిపివేయకుండా ఉంచడం వల్లనే ఈ వ్యాసం సాధ్యమైంది.